పొరపాటున తాగినవాడు

పరశురాములుకు ఇంట్లోవాళ్ళ మాట చెవికెక్కదు గానీ ఫోన్లో వచ్చిన మాట మాత్రం వేదం. ఎండాకాలం మొదట్లో ఎవరో పంపిన వీడియో ఒకటి చూశాడు. ఎక్కడో, ఏ రాష్ట్రంలోనో, బోరు నీళ్ళలో యురేనియం ఉందట. ఆటంబాంబు చేసే లోహమట. నీళ్ళతో పాటు మింగితే మనిషి లోపల్లోపలే మసైపోతాడట. అంతే, మరునాడు సిరిసిల్లలోని తన మరమగ్గాల షెడ్డుకు పోయీ పోగానే మూలనున్న రంజను కుండను ఎత్తుకెళ్ళి బయట బోర్లించాడు. ఏళ్ళ తరబడి షెడ్డులో పనిచేసిన వాళ్ళందరూ ఆ కుండలోంచే గ్లాసుతో ముంచుకుని తాగారు. ఒక్కడూ మసైపోలేదు.

"గీ బోరు నీళ్ళు ఇగ బందు. ఎవ్వలి సీస వాళ్ళు తెచ్చుకోవాలె. ఫిల్టరు నీళ్ళే తాగాలె" అని హుకుం వేశాడు.

కూతురు రచన జగిత్యాలలో డిగ్రీ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. సంగతి తెలిసి ఫోన్ చేసింది.

"ముందుగాల నీళ్ళు టెస్టు చేయించు బాపూ. ఉన్నదో లేదో తెల్వకుండ కుండను బోర్లిస్తే ఏమొస్తది? ఒకవేళ ఉన్నా, యురేనియం మింగితే నూటికి తొంభై తొమ్మిది వంతులు అట్లనే బయటికి పోతది. మిగిలిన గింతదాంట్ల గూడ కిరణాలతోటి అయ్యే నష్టం తక్కువ. సీసం లెక్క అది గూడ ఒక లోహం, కిడ్నీల మీద పడతది. అది గూడ ఏండ్లకేండ్లు తాగితేనే. పొలోనియం అంటే వేరే కథ, దుమ్ము రేణువంత పోయినా పాణం దీస్తది. గానీ అది నీ బోరులకు ఏడికెల్లి అస్తది? నీకు భయపడాలనే ఉంటే, షెడ్డెనుక గడ్డికి కొట్టే మందును జూసి భయపడు."

పరశురాములు తొంభై తొమ్మిది దాకా విన్నాడు. ఆ తర్వాత మగ్గం ఏదో ఆగిందని ఫోన్ పెట్టేశాడు.

అట్లా షెడ్డులోకి సీసాలు వచ్చాయి. కూల్‌డ్రింకు సీసాలు, పెళ్ళిళ్ళలో పంచిన నీళ్ళ సీసాలు, ఏవి దొరికితే అవి. నేత పనివాళ్ళకు గుడ్డకు కరువేముంది? మిగిలిన పీలికలతో ఎవరి సీసాకు వాళ్ళు తొడుగు కుట్టుకుని, దాన్ని తడిపి, వెనకనున్న కిటికీ గూట్లో వరసగా పెట్టేవారు. తడిగుడ్డకు గాలి తగిలి నీళ్ళు చల్లగా ఉండేవి. పరశురాములుకు ఈ ఏర్పాటు తెగ నచ్చింది. యురేనియం పుణ్యమా అని తన షెడ్డుకు శుభ్రం వచ్చిందని నలుగురితో చెప్పుకున్నాడు కూడా. సీసా లోపల ఏముందో కనపడదు కదా అన్న ముక్క ఎవరికీ తట్టలేదు.

వానలు పడ్డాక షెడ్డు వెనక గడ్డి మోకాలెత్తు పెరిగింది. పాములొస్తాయని గడ్డిమందు తెచ్చి తనే కొట్టాడు. కొంచెం మిగిలింది. డబ్బా మూత విరిగిపోయి కారుతుంటే, పక్కనే ఖాళీగా పడివున్న తన పాత సీసాలో పోశాడు. దాని మీద తొడుగు అట్లాగే ఉంది. రేపు లోపల దాచిపెడదాం లెమ్మని కిటికీ గూటి చివరన పెట్టాడు. ఆ రేపు వారం రోజులైనా రాలేదు.

ఆ పొద్దున ఒక పనివాడు రాకపోతే తానే మగ్గాల దగ్గర నిలబడ్డాడు. పోగు తెగింది. నేతగాడికి కళ్ళు పోగు మీద ఉంటే చేతులు తమ పని తాము చూసుకుంటాయి. బీడీ అయినా, నీళ్ళ సీసా అయినా వెనక్కి చెయ్యి చాపి అందుకోవడమే తప్ప తల తిప్పడం ఉండదు. పరశురాములు ఎడమచేత్తో తెగిన కొస పట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి చాపి, తడిమి, మూత తీసి గొంతులో ఎత్తిపోసుకున్నాడు.

గుటక దిగింది. రెండో గుటక సగంలో ఉండగా నోరు భగ్గుమంది. ఉమ్మేశాడు. బయటికి పరుగెత్తి నల్లా కింద నోరు పెట్టాడు. అన్నాళ్ళూ తాగొద్దని మొత్తుకున్న ఆ బోరు నీళ్ళతోనే పుక్కిలించాడు. కడుపులోంచి కొంచెం కక్కు వచ్చింది. ఇంక రమ్మన్నా రాలేదు.

"ఏమైందే పరశన్నా?" అని మగ్గాల మోత మీద అరిచాడు కుమార్ అనే పనివాడు.

"పొలమారింది. నువ్వు నీ పోగు సూసుకో."

దవాఖాన పెద్ద దూరమేమీ కాదు. కాళ్ళు వాటంతట అవే గేటు దాకా పోయాయి. అక్కడ ఆగిపోయాయి. పోయి ఏమని చెప్పాలి? గడ్డిమందు తాగినా అనాలి. ఎందుకు తాగినవ్ అంటారు. పొరపాటున అనాలి.

పొరపాటున! ఆ మాట ఈ వాడకట్టులో చెల్లని నోటు. దాన్ని చెల్లకుండా చేసినవాడు కూడా మరెవరో కాదు, ఈ పరశురాములే. చాలా ఏళ్ళ కిందట అన్న గంగారాం మగ్గాలు నడవక, మాట్లాడే మనిషి లేక, పురుగుల మందు తాగి చచ్చిపోయాడు. పోలీసులు వచ్చి అడిగితే, "చీకట్ల దగ్గు మందనుకొని పొరపాటున తాగిండు సారూ" అని చెప్పింది ఈ తమ్ముడే. వాడకట్టంతా అవునవునని తల ఊపింది, ఒక్కరూ నమ్మలేదు. ఆనాటి నుంచి ఇక్కడ ఎవరు మందు తాగి పోయినా, టీ కొట్టు దగ్గర జనం ఒకరినొకరు చూసుకుని, "పొరపాటున తాగిండట" అంటారు. అని, మూతి ఒక పక్కకు తిప్పుతారు. ఇప్పుడు తాను పోయి అదే మాట అంటే? గంగారాం తమ్ముడు, మగ్గాల మనిషి, గడ్డిమందు తాగాడు, పొరపాటున! సాయంత్రానికి తన మగ్గాల కథ, అప్పుల కథ, పెళ్ళాంతో గొడవల కథ, లేనివి కూడా, వీధి వీధి తిరుగుతాయి.

పరశురాములు గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. సీసాలో మిగిలింది గోతిలో పోసి మన్ను కప్పాడు. నోరు మండుతోంది గానీ మనిషి నిలబడే ఉన్నాడు. కళ్ళు తిరగలేదు, నురగ రాలేదు. అప్పుడు, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, కూతురి మాట గుర్తుకొచ్చింది. నూటికి తొంభై తొమ్మిది వంతులు బయటికే పోతుంది! ఊళ్ళకు ఊళ్ళు బూడిద చేసే యురేనియమే మింగితే అట్లా జారిపోతే, సంచీలో పడేసి అమ్మే గడ్డిమందు ఏపాటిది? ఏనుగే పోయినప్పుడు ఎలుక ఏం చేస్తుంది? ఈ లెక్క అతనికి ఎంత బాగా నచ్చిందంటే, రెండుసార్లు పైకే అనుకున్నాడు.

నచ్చిందే గానీ కూర్చోనివ్వలేదు. మగ్గం దగ్గరికి పోయాడు, ఇంటికి పోయాడు, మళ్ళీ బజారుకు వచ్చాడు. ఎవరినైనా ఒక్కరిని అడగాలి. సిరిసిల్లలో అడిగితే పట్టేస్తారు. కోరుట్లలో ఎహసాన్ ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ముంబై దగ్గర భీవండిలో ఒకే గదిలో ఉండి మగ్గాలు నడిపారు. ఎహసాన్ ఇప్పుడు ఎరువులూ మందులూ అమ్ముతున్నాడు. అతన్ని అడుగుదామనుకున్నాడు. భార్యకు మాత్రం జగిత్యాల పోయి బిడ్డను చూసి వస్తానని ఫోన్లో చెప్పి బస్సెక్కాడు.

బస్సులో సీటు దొరికింది, కూర్చున్నాడు. వేములవాడ దాటకముందే లేచి నిలబడ్డాడు. కిటికీ పక్కన గాలి ఎక్కువైందన్నాడు, ఇటుపక్క ఎండ అన్నాడు. పక్కనున్న ముసలామె మక్కకంకి సగం విరిచి ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపాడు. నాలుక మీద ఉమ్మి దిగినా సూదులు గుచ్చినట్టుంది. చందుర్తి దాటాక రోడ్డుకు రెండువైపులా చేలు. ఒకచోట మనుషులు వీపున పంపులు మోస్తూ గట్ల మీద మందు కొడుతున్నారు. మొన్న కొట్టిన గట్టేమో, పక్కది ఎర్రగా మాడిపోయి ఉంది. పరశురాములు తల రెండోవైపుకు తిప్పుకున్నాడు. అటు పక్క గట్టు కూడా మాడే ఉంది. తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది అని లోపల జపం చేసుకున్నాడు.

కోరుట్లలో ఎహసాన్ దుకాణం ముందు రైతులున్నారు. స్నేహితుణ్ణి చూడగానే గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"అరే పరశన్నా! గిదేంది, ఫోన్ లేదు పాడు లేదు, ఊడిపడ్డవ్? కూసో, చాయ్ తెప్పిస్త."

"కూసోనులే. ఒక్క ముచ్చట అడిగి పోత. గీ గడ్డిమందు ఉన్నది సూడు, అది అంత జోరుగుంటదా?"

"గడ్డి మీద జోరే. మట్టికి తగిలిందంటే ఇగ దాంట్ల ఏం దమ్ము లేదు. చేనుకేం గాదు. అందుకే రైతులు ఇదే అడుగుతరు."

పరశురాములు గుండె తేలికైంది. మట్టికి తగిలితేనే దమ్ముండదట! మరి మనిషి మాత్రం మట్టి కాదా?

"మనిషి తాగితే?" అని ఎటో చూస్తూ అన్నాడు. "ఒకటో రెండో గుటకలు?"

ఎహసాన్ చేతిలోని సంచీ కింద పెట్టాడు. "ఎవలన్న తాగిండ్రా?"

"ఎవలు లేరు. పక్కింటి కుక్క."

"కుక్కైనా మనిషైనా ఒకటే భాయ్. పోయినేడు మా వాడల ఒకాయన తాగిండు. మంచిగ నడుసుకుంట గిదే అరుగు మీద కూసుండు. ఏం గాలేదు, కక్కు బోయింది, తగ్గిందన్నడు. నవ్విండు గూడ. మూడోనాటికి మూత్రం బందైంది. ఎనుకనుంచి దమ్మొచ్చుడు మొదలైంది. రోజు రోజుకు ఊపిరి తగ్గుకుంట పోయింది, అయ్యో, మాట్లాడుకుంటనే పోయిండు. అల్లా మాఫ్ కరే. మొదటి గంటల్ల దవాఖానకు పోతే ఏమన్న అయ్యేదేమో, ఇంట్ల కూసున్నడు."

చాయ్ వచ్చింది. పరశురాములు ఒక్క చుక్క నోట్లో పెట్టి గ్లాసు దించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎహసాన్ అతని మూతి వంక చూశాడు. పెదవులు తెల్లగా పొక్కి ఉన్నాయి.

"పరశన్నా, కుక్క గాదు గదా?"

"బస్సు పోతది" అని పరశురాములు రోడ్డు దాటేశాడు. ఎహసాన్ వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. దుకాణం జనాన్ని వదిలి కొంతదూరం పరుగెత్తాడు కూడా. అందకపోయేసరికి ఫోన్ తీశాడు.

జగిత్యాల బస్సులో పరశురాములు కూర్చోనే లేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, ఊపిరి పీల్చి చూసుకున్నాడు, వదిలి చూసుకున్నాడు. బాగానే ఉంది. మళ్ళీ పీల్చాడు. ఇదివరకు ఊపిరి అనేది ఒకటి ఉందని అతనికి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు ప్రతి ఊపిరినీ పట్టుకుని, నీది యురేనియం లెక్కనా, గడ్డిమందు లెక్కనా అని అడుగుతున్నాడు. అతనికి చచ్చేంత భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గు అంతకంటే ఎక్కువ వేసింది.

రచన బస్టాండులోనే ఉంది. ఎహసాన్ చాచా ఫోన్ చేశాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"కాలేజీ లేదా బిడ్డా?" అన్నాడు నవ్వబోతూ. "నేను నిన్నొక లెక్క అడుగుదామని అచ్చిన. యురేనియం మింగితే..."

"నాలుక సూపియ్యి బాపూ."

"ముందుగాల లెక్క చెప్పు. యురేనియం పెద్దదా, గడ్డిమందు పెద్దదా?"

రచన అతని గదవ పట్టుకుని నోరు తెరిపించి చూసింది. జబ్బ పట్టుకుని ఆటోలోకి తోసింది. ఆటో కదిలాక అందుకుంది.

"పేరు పెద్దదైతే విషం పెద్దదైతదా? ఎంత పోయింది, ఒంటికి ఎంత పట్టింది, లోపల ఏడ జేరింది, గవి సూడాలె. యురేనియం ఒంటికి పట్టనే పట్టదు. ఇది గూడ కడుపుల కొంచెమే పడతది గానీ, ఆ పట్టిన కొంచెం చాలు. తిన్నగ ఊపిరితిత్తులకు పోయి కూసుంటది. తొంభై తొమ్మిదని నేను చెప్పింది దాని లెక్క బాపూ, దీని లెక్క గాదు. ఎప్పుడు తాగినవ్?"

"ఇప్పుడే. గంట అయితదేమో."

"కోరుట్లకెల్లి అస్తనే గంట అయితది."

పరశురాములు ముఖం ఆటో బయటికి తిప్పుకున్నాడు.

దవాఖానలో డాక్టరు కుర్రవాడు. ఎంత తాగారు, ఎప్పుడు తాగారు అని అడిగాడు.

"నోట్లె పోసుకొని ఉమ్మేసిన సారూ. గుటక గూడ వెయ్యలే. గీమె ఊకె పరేషాన్ అయితున్నది."

డాక్టరు వాదించలేదు. మూత్రం పట్టించి తెమ్మన్నాడు. ఆ కొంచెం గాజు గొట్టంలో పోసి, ఏదో ఒకటి కలిపి, ఆపైన చిన్న డబ్బాలోంచి తెల్లటి పొడి చిటికెడు వేశాడు. డబ్బా మూత తీయగానే పరశురాములు ముక్కుకు వాసన తగిలింది. హైడ్రోసు! సిరిసిల్ల అద్దకం షెడ్లలో రంగు తొట్ల దగ్గర రోజూ వచ్చే వాసనే. దీనికి ఇక్కడేం పని అనుకుంటుండగానే గాజు గొట్టంలో నీళ్ళు నీలమయ్యాయి. చక్కటి, నిండు నీలం. చీరకు వేస్తే అందరూ ఆగి చూసే రంగు.

"ఈ నీలం గడ్డిమందుదే. ఉమ్మేసిన మందు మూత్రంలోకి రాదు పెద్దాయనా" అన్నాడు డాక్టరు. "నిజం చెప్పండి. మీరు చెప్పేదాన్ని బట్టే నేనేం చెయ్యాలో ఉంటుంది."

"ఒక గుటక. రెండోది సగం" అన్నాడు పరశురాములు. "పొద్దుగాల, మగ్గాలు ఎక్కంగనే."

డాక్టరు నర్సును కేకేసి, డయాలసిస్‌కు ఫోన్ చేయడానికి పరుగెత్తాడు. రచన మంచం పక్కనే నిలబడిపోయింది. అంతసేపూ చకచకా నడిచిన పిల్ల ఒక్కసారిగా ఆగిపోయింది.

"పొద్దుగాల తాగి, ఊరంత తిరిగి, ఇక్కడ గూడ అబద్దం జెప్పినవ్. బాపూ, కావాల్ననే తాగినవా?"

"లేదు బిడ్డా! పొరపాటున తాగిన."

"పెద్దబాపు గూడ పొరపాటున తాగిండని చెప్పినవ్" అంది రచన. "నా చిన్నప్పుడు. గిట్లనే, నా దిక్కు సూడకుండ."

ఆ మాట పరశురాములును ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది. పొద్దుటి నుంచి ఊరు ఏమంటుందోనని పారిపోయి వచ్చాడు. తీరా చూస్తే, ఊరిదాకా ఎందుకు, కన్న బిడ్డే నమ్మడం లేదు. అవునన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే. తాను చచ్చిపోతే, తండ్రి కావాలనే తాగాడని బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. తన తప్పేమిటా అని వెతుక్కుంటుంది. అన్న పోయినప్పటి నుంచి తాను వెతుక్కుంటున్నట్టే.

తల తిప్పి ఆమె కళ్ళలోకి చూశాడు.

"మీ పెద్దబాపుది పొరపాటు గాదు బిడ్డా. లోపల గొళ్ళెం పెట్టుకొని తాగిండు. తలుపు పలగ్గొట్టింది నేనే. దగ్గు మందు ముచ్చట నేను పుట్టిచ్చిందే. మీ తాత, ఇంటి ఇజ్జత్ పోతదని కాళ్ళు మొక్కినంత పని జేసిండు. నేను పోలీసులకు చెప్పిన, ఊరికి చెప్పిన, నీకు చెప్పిన. గా అబద్దంతోనే ఇయ్యాల దవాఖానకు పోలేకపోయిన. నాది పొరపాటే. మందు సీసల పోసింది నేనే, తొడుగు తియ్యంది నేనే, సూడకుండ ఎత్తుకొని తాగింది నేనే. నాకు సావాలని ఒక్కనాడు గూడ లేకుండె."

దవాఖాన బయట డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ లోపలికి వచ్చాడు. గడ్డిమందు కేసంటే అతనూ రావలసిందే. మంచం మీది మనిషిని ఒకసారి, నిలబడ్డ పిల్లను ఒకసారి చూశాడు.

"ఏమైందమ్మా?"

"పొరపాటున తాగిండు" అంది రచన.

"ఆఁ, పొరపాటున" అన్నాడు కానిస్టేబుల్. మూతి ఒక పక్కకు తిరిగింది. ఆ మూతి సిరిసిల్లలోనే ఉంటుందనుకున్నాడు పరశురాములు, జగిత్యాలలో కూడా ఉంది.

"గట్ల నవ్వకుండ్రి సార్" అంది రచన. "మా పెద్దబాపు గంగారాం మందు తాగి సచ్చిపోయిండు. కావాల్ననే తాగిండు. గప్పుడు మా ఇంట్ల పొరపాటని అబద్దం జెప్పిండ్రు. ఇది గట్లాంటిది గాదు. మా బాపుది నిజంగ పొరపాటు. నేను నమ్ముతున్న, మీరు గూడ నమ్మాలె."

వార్డులో అందరూ విన్నారు. ఇన్నేళ్ళు దాచిన పరువు అట్లా నలుగురి మధ్యా పడిపోతే, తనకు సిగ్గు వేస్తుందనుకున్నాడు పరశురాములు. వేయలేదు. ఏడుపు వచ్చింది.

నర్సు పెద్ద గ్లాసు నిండా విషాన్ని పీల్చే నల్లటి బొగ్గు నీళ్ళు తెచ్చి, అంతా తాగాలంది. డాక్టరు తిరిగి వచ్చాడు.

"బతుకుతనా సారూ?"

"ఆలస్యం చేశారు. ఇప్పుడే చెప్పలేను. కిడ్నీలు, ఊపిరితిత్తులు ఎట్లా ఉంటాయో రోజు రోజూ చూడాలి. మీరు మాత్రం ఇది ఆపకుండా తాగండి."

పరశురాములు గ్లాసు అందుకున్నాడు. ఈసారి లోపల ఏముందో కళ్ళారా చూసుకున్నాడు. మొదటి గుటకకే గొంతు చీరుకుపోయినట్టయింది, కళ్ళు బైర్లు కమ్మాయి. రచన వీపు మీద చెయ్యి వేసి, "ఇంకొంచెం బాపూ" అంది. అతను ఒక్క చుక్క కూడా ఉమ్మలేదు.